పద్నాలుగో నంబరు గాలి

ఎస్తర్ రాణి పద్నాలుగు నెలల్లో ఇరవై తొమ్మిది కిలోలు తగ్గింది.

రెండువేల అయిదు జూన్‌లో షుగరు బయటపడినప్పుడు ఆమె బరువు తొంభై ఎనిమిది. మరుసటి ఏడు ఆగస్టుకి అరవై తొమ్మిది. డాక్టరు నడవమంటే ఎండా వానా చూడకుండా రోజూ పొద్దున్నే పెదబొడ్డేపల్లి నుంచి బలిఘట్టం దాకా నడిచింది. రాత్రి అన్నం మానేసి రాగి పిండితో కాచిన చోడి అంబలి తాగింది. చర్చిలో ఎవరి పెళ్లి భోజనానికి వెళ్లినా విస్తరి ముందు కూర్చుని మజ్జిగ తాగి లేచేది. జాకెట్లన్నిటికీ మూడుసార్లు కుట్లు వేయించింది. ఆమె పనిచేసే టెలిఫోన్ ఎక్స్ఛేంజికి గొలుగొండ నుంచి, నాతవరం నుంచి వచ్చేవాళ్లు కౌంటరు ముందు నిలబడి, "ఇక్కడ లావుపాటి మేడం గారుండేవారు, ట్రాన్స్‌ఫర్ అయిపోయారా?" అని ఆమెనే అడిగేవారు.

ఆ మాట ఇంటికొచ్చి భర్త దయాకర్ బాబుకి చెప్పి నవ్వేది. అతనూ నవ్వేవాడు. పడుకునే వేళ అయ్యేసరికి మాత్రం ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఉండేది కాదు.

ఆమెకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంది. తొంభైల్లో ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా ఉన్నప్పుడు చెవులకి హెడ్‌ఫోను ఉండగానే కునికిపాట్లు పడేది. రెండుసార్లు మెమో ఇచ్చారు. లావు మనిషి, తిని నిద్రపోతోంది అనుకున్నారు అందరూ. ఆమె కూడా అది తన బద్ధకమే అనుకుని ప్రార్థనలో క్షమాపణ అడుక్కునేది.

జబ్బుని పట్టుకున్నది దయాకర్ బాబు. అతనికి అబీద్ సెంటర్ దగ్గర మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన పంపుసెట్ మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్లీ తిప్పడం పని. మోటారు చప్పుడు విని లోపమెక్కడుందో చెప్పేవాడు. అలాంటి చెవికి భార్య గురక కన్నా, ఆ గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం ఎక్కువ వినిపించింది. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ ఎగిరెగిరి పడుతున్నా గాలి లోపలికి వెళ్లేది కాదు. ముప్పై సెకన్లు, నలభై సెకన్లు. తర్వాత నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు ఒక్క ఊపిరి. ఒక రాత్రి యాభై రెండు దాకా లెక్కపెట్టి, భయం పట్టలేక ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఆమెకేమీ తెలియదు. "ఏటయింది?" అని అడిగి మళ్లీ పడుకుంది.

రెండువేల మూడులో విశాఖపట్నం తీసుకెళ్లాడు. తలకీ ఛాతీకీ వైర్లు అంటించి ఒక రాత్రంతా చూశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, గంటకి యాభై నాలుగుసార్లు ఊపిరి ఆగుతోందని చెప్పారు. ఒక మెషిన్ ఇచ్చారు. ముక్కు మీద మాస్కు పెట్టుకుంటే, మెషిన్ గొట్టంలోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఆ ఒత్తిడిని పద్నాలుగు నంబరు మీద పెట్టి, "దీన్ని ఒక్క రాత్రి కూడా మానకూడదు" అన్నారు డాక్టరు. ఆ మాట దయాకర్ బాబుకి సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యంలా నాటుకుపోయింది.

మొదట్లో ఆ మెషిన్ ఆమెకు నిజంగానే కొత్త ప్రాణం పోసింది. పగటి కునుకు పోయింది. చిరాకు పోయింది. కరెంటు పోయినప్పుడు ఆగకూడదని దయాకర్ బాబు ఒక లారీ బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి మంచం కింద పెట్టాడు.

బరువు తగ్గాక అదే మెషిన్ ఆమెను పీడించడం మొదలెట్టింది. బుగ్గలు పీక్కుపోయి పాత మాస్కు మొహానికి పెద్దదైంది. పక్కల నుంచి గాలి తన్నుకొచ్చి కళ్లలో కొట్టేది. తెల్లారేసరికి కళ్లు ఎర్రబడి, ఇసక పోసినట్టు గరగరలాడేవి. గాలి బయటికి పోతోందని దయాకర్ బాబు పట్టీలు బిగించేవాడు. బిగించగా బిగించగా ముక్కు దూలం మీద పుండు పడింది. పుండు మీద దూది పెట్టి మళ్లీ బిగించాడు. అన్నిటికన్నా కడుపు బాధ ఎక్కువ. అంత ఒత్తిడితో వచ్చే గాలి కొంత గొంతు దిగి కడుపులో చేరేది. పొద్దున్నకి పొట్ట డప్పులా బిగుసుకుని, తేనుపు రాక, వంగలేక, మంచం అంచున అరగంట కూర్చునేది.

"గాలి ఎక్కువైపోతందండీ," అంది ఒకరోజు. "ఆ ఒంటికి పెట్టిన నంబరు అది. ఇప్పుడా ఒళ్లు లేదు కదా. కొంచెం తగ్గించి సూడండి."

"డాక్టరు గారు పెట్టిన నంబరు. నేను ముట్టను."

"అయితే వైజాగ్ వెళ్దాం. మళ్లీ టెస్టు సేయించుకుంటాను."

"వెళ్దాంలే," అన్నాడు గాని తీసుకెళ్లలేదు. పాత డాక్టరు వేరే ఊరు వెళ్లిపోయారని కనుక్కున్నాడు. కొత్త డాక్టరు ఈమెను చూసి, సన్నబడ్డావు గదా ఇంక మెషిన్ అక్కర్లేదు అంటే ఏం చెయ్యాలన్నది అతని భయం. ఆ భయాన్ని బయటపెట్టకుండా, "నడుస్తున్న మోటారుని ఇప్పి సూడకూడదు రాణీ. ఇప్పితే మళ్లీ నడుస్తాదని గ్యారంటీ లేదు," అన్నాడు.

"నేను మోటారుని కాదు."

"మోటారువైతే నాకింత భయం లేదు. కాలిపోతే మళ్లీ సుట్టుకుంటాను."

ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. అతను మాత్రం చీకట్లో చెయ్యి చాపి పట్టీ తడిమి చూసేవాడు. గాలి చప్పుడు కాస్త మారినా లేచి బిగించేవాడు. తల వెనక్కి ఆ వేళ్లు రావడం తెలియగానే ఆమె ఒళ్లు బిగుసుకుపోయేది. ఇరవై మూడేళ్లు కాపురం చేసిన మనిషి చెయ్యి తగిలితే తనకిలా అవుతోందేమిటని బాత్రూంలోకెళ్లి ఏడ్చింది.

సెప్టెంబరులో ఒక రాత్రి కడుపునొప్పి తట్టుకోలేక మాస్కు పీకేసింది. పీకగానే గాలి బుస్సుమని రొద చేసింది. పక్కన దయాకర్ బాబు కదిలాడు. ఆమె కంగారుగా, తలగడ పక్కనున్న టవలు మీద మాస్కు బోర్లించి అదిమింది. రొద తగ్గింది. మామూలుగా మొహాన ఉన్నప్పుడు వచ్చే సన్నటి చప్పుడే వస్తోంది. అతని ఊపిరి మళ్లీ నిద్రలో పడింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న కళ్లు మండలేదు. పొట్ట తేలిగ్గా ఉంది. మూడు ఇడ్లీలు తింది.

ఒక్క వారం ఇలా చూద్దాం, ముక్కు మీద పుండు మానేదాకా అనుకుంది. పుండు మానింది. వారం కాస్తా పది వారాలైంది. రోజూ అతను పట్టీ బిగించేదాకా కళ్లు మూసుకుని పడుకుని, అతను నిద్రపోగానే మాస్కు విప్పి, నాలుగు మడతలు వేసిన టవలులోకి అదిమి పెట్టేది. తెల్లారకముందే లేచి మళ్లీ తగిలించుకునేది. పక్కకి తిరిగి పడుకుంటే గురక కూడా పెద్దగా వచ్చేది కాదేమో, అతనికి మెలకువ రాలేదు. అప్పుడప్పుడూ పొద్దున్న తల బరువుగా ఉండేది. ఒకటి రెండుసార్లు మధ్యాహ్నం కౌంటరు దగ్గర కళ్లు వాలిపోయాయి. షుగరు మాత్రల వల్లనని సరిపెట్టుకుంది.

"సూసినావా, అలవాటైపోయింది," అన్నాడు దయాకర్ బాబు, ఆమె ముక్కు మీద మానిన పుండు చూసి. ఆమె స్టవ్ వైపు తిరిగి పాలు దించింది.

నవంబరులో కుడి డొక్కలో నొప్పి మొదలైంది. తిన్నదల్లా వాంతి. బస్ కాంప్లెక్సు దగ్గర నర్సింగ్ హోంలో స్కానింగ్ చేసి, పిత్తాశయంలో రాళ్లున్నాయని సర్జన్ మన్మథరావు గారు చెప్పారు. త్వరగా బరువు తగ్గినవాళ్లకి ఇవి వస్తుంటాయని, తీసేస్తే సరిపోతుందని అన్నారు. శుక్రవారం పొద్దున్న ఆపరేషన్ పెట్టారు. కూతురు సుజితకి కాకినాడలో డిగ్రీ పరీక్షలు జరుగుతున్నాయని ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు వచ్చారు. పేరు ధర్మతేజ. ఆయన ఈ నర్సింగ్ హోం మనిషి కాదు. కేసు ఉన్న రోజు కారులో వచ్చి మత్తు ఇచ్చి వెళ్తారు. అప్పుడు దయాకర్ బాబు మందులు తేవడానికి కిందకి వెళ్లాడు. డాక్టరు కాగితం పట్టుకుని ఒక్కొక్కటే అడిగారు. షుగరు ఉంది. బీపీ లేదు. ఆయాసం లేదు.

"నిద్రలో గురక, ఊపిరి ఆగడం లాంటివి ఉన్నాయామ్మా?"

ఉందంటే మెషిన్ సంగతి వస్తుంది. వాడుతున్నారా అని అడుగుతారు. దయాకర్ బాబు ముందు టవలు సంగతి చెప్పాల్సి వస్తుంది. పైగా మళ్లీ అదే మాస్కు, అదే గాలి.

"గురక ఉండేదండీ, లావుగా ఉన్నప్పుడు. ఇప్పుడు లేదు. తగ్గిపోయింది."

డాక్టరు ఆమె మెడ వైపు చూశారు. సన్నటి మెడ. కాగితం మీద టిక్కు పెట్టి వెళ్లిపోయారు. ఆమెకది అబద్ధమనిపించలేదు.

మందులతో పైకి వచ్చిన దయాకర్ బాబు, "అన్నీ అడిగారా?" అన్నాడు. అడిగారంది. "రాత్రికి మెషిన్ తెస్తాను," అన్నాడు. "ముందు ఆపరేషన్ అవనీండి," అంది.

ఆపరేషన్ బాగానే అయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమెను గదిలోకి తెచ్చారు. మెలకువ వచ్చింది, మాట్లాడింది, నొప్పని ఏడ్చింది. రెండున్నరకి నర్సు సాయిలక్ష్మి నొప్పి తగ్గే ఇంజెక్షన్ చేసింది. పది నిమిషాల్లో నిద్రపోయింది. దయాకర్ బాబు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. కిటికీ బయట బస్సుల హారన్లు, పల్లీలమ్మేవాళ్ల కేకలు.

గురక మొదలైంది. వెల్లకిలా పడుకుంది కదా అనుకున్నాడు. కాసేపటికి గురక ఆగింది.

అతను తెలియకుండానే లెక్కపెట్టడం మొదలెట్టాడు. పదిహేను. ఇరవై అయిదు. ఆమె ఛాతీ పైకి లేస్తోంది గాని నోట్లోంచి, ముక్కులోంచి చప్పుడు లేదు. నలభై. భుజం పట్టుకుని కుదిపాడు. గరగరమని ఒక ఊపిరి తీసింది. రెండు మూడు ఊపిర్ల తర్వాత మళ్లీ ఆగింది. ఈసారి కుదిపినా కళ్లు తెరవలేదు.

"సిస్టర్ గారూ, ఒకసారి రండమ్మా."

సాయిలక్ష్మి గుమ్మంలోంచే చూసింది. "మత్తండీ. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాం కదా. పడుకోనివ్వండి."

"మత్తు కాదమ్మా. నాకీ చప్పుడు తెలుసు. ఆగిపోతంది. మీరొక్క నిమిషం ఇక్కడ నిలబడి సూడండి."

ఆ పిల్ల విసుక్కోకుండా వచ్చి నిలబడింది. నిమిషం కాలేదు, మొహం మారిపోయింది. పరుగున వెళ్లి వేలికి తగిలించే క్లిప్పు తెచ్చింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అందులో కనిపిస్తుంది. తొంభై అయిదు పైన ఉండాలి. ఎనభై ఒకటి చూపించింది. ఊపిరి ఆగినకొద్దీ డెబ్భై ఆరుకి దిగింది. పెదాల రంగు మారుతోంది. ఆక్సిజన్ పెట్టింది. కాస్త పెరిగింది గాని, గొంతే మూసుకుపోతుంటే ఆక్సిజన్ లోపలికి ఎక్కడ వెళ్తుంది, మళ్లీ పడిపోయింది. మన్మథరావు గారు ఇంకో ఆపరేషన్ మధ్యలో ఉన్నారు. సాయిలక్ష్మి మత్తు డాక్టరుకి సెల్‌ఫోన్ చేసి, రెండు ముక్కలు చెప్పి, ఫోను దయాకర్ బాబు చేతిలో పెట్టింది.

"ఆవిడకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బుందా?" అడిగారు ధర్మతేజ.

"ఉందండి. మూడేళ్లయింది. రోజూ మెషిన్ పెట్టుకునే పడుకుంటాది."

"నాతో లేదన్నారు," అన్నారు డాక్టరు. "సరే. మెషిన్ ఎక్కడుంది?"

"ఇంట్లో. స్కూటర్ మీద వెళ్తే పావుగంటలో తెస్తాను."

"బయల్దేరండి. ఆ మత్తుని విరిచే ఇంజెక్షన్ అక్కడ అయిపోయిందట, నా బ్యాగులో ఉంది. నేను కోటవురట్ల దాటేశాను. కారు తిప్పుతున్నాను, ముప్పావుగంట పడుతుంది. అప్పటిదాకా తలవైపు మంచం ఎత్తి పెట్టండి. ఊపిరి ఆగినప్పుడల్లా లేపాలి. ఆవిడ్ని ఒంటరిగా వదలకూడదు."

సాయిలక్ష్మి ఎస్తర్ రాణి దవడ ఎత్తి పట్టుకుని నిలబడింది. గదులు తుడిచే ఆయా సోమలమ్మ బకెట్టు పక్కన పెట్టి లోపలికి వచ్చింది. దయాకర్ బాబు ఆమె చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చాడు.

"అమ్మా, సిస్టరు గారికి సాయం ఉండు. ముక్కు దగ్గర సెయ్యెట్టు. ఊపిరి ఆగితే పది లెక్కెట్టు. పది దాటనియ్యకు. గట్టిగా తట్టి పేరెట్టి పిలువు. రాణి అను."

"నాను సూస్తాను బాబూ. నువ్వు బేగెల్లి రా," అంది సోమలమ్మ.

మెట్లు దిగుతుంటే ఆమె గొంతు వినబడుతూనే ఉంది. "రాణమ్మా, ఊపిరి తియ్యమ్మా. తియ్యి."

స్కూటరు ఎలా నడిపాడో అతనికి తెలియదు. ఇంటి తాళం రెండోసారికి గాని తెరుచుకోలేదు. పడకగదిలో మెషిన్ స్టూలు మీద ఉంది. ప్లగ్గు పీకి, గొట్టం చుట్టి, మాస్కు కోసం ఆమె తలగడ తీశాడు. కింద టవలు ఉంది. నాలుగు మడతలు. మధ్యలో ముక్కు ఆకారంలో గుంట పడి ఉంది, రోజూ ఒకేచోట దేన్నో అదిమితే పడ్డట్టు. మాస్కు తీసి ఆ గుంటలో పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

అతను అలాగే నిలబడిపోయాడు. ఇన్ని వారాలుగా తను విని నిశ్చింతగా పడుకున్న చప్పుడు ఏమిటో అర్థమైంది. కోపం వచ్చింది. మెషిన్ చంకలో పెట్టుకుని తలుపు కూడా వెయ్యకుండా బయటపడ్డాడు.

గదిలోకి వచ్చేసరికి సోమలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "అయిదుసార్లు ఆగిపోనాది బాబూ. తట్టితే తీస్తన్నాది," అంది. క్లిప్పు మీద డెబ్భై తొమ్మిది. సాయిలక్ష్మి మళ్లీ డాక్టరుకి ఫోన్ కలిపింది.

"ఎంత ఒత్తిడి మీద ఉంది?" అడిగారు ధర్మతేజ.

"పద్నాలుగండి."

"అంత వద్దు. ఇప్పుడే ఆపరేషన్ అయిన కడుపు. గాలి కడుపులోకి వెళ్తే వాంతి అవుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ముందు ఎనిమిది మీద పెట్టండి. మార్చడం తెలుసా?"

తెలుసు. మెషిన్ ఇచ్చినరోజు కంపెనీ మనిషి ఒకసారి చూపించి, ముట్టుకోకండి అన్నాడు. రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే నంబరు కదులుతుంది. తగ్గించమని ఆమె ఎన్నిసార్లు అడిగిందో గుర్తొచ్చింది. వేళ్లకి చెమట పట్టి మొదటిసారి జారిపోయింది. చొక్కాకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. పదమూడు. పన్నెండు. ఎనిమిది దగ్గర ఆపాడు.

మాస్కు పెట్టాడు. ఆక్సిజన్ గొట్టాన్ని సాయిలక్ష్మి దాని పక్క రంధ్రానికి తగిలించింది. గాలంతా బుగ్గల పక్కనుంచి కారిపోతోంది. అలవాటుగా చెయ్యి పట్టీ మీదకి వెళ్లింది. బిగించినా ఈ మొహానికి ఇది ఆనదని అప్పుడు అతని కళ్లకి కనబడింది. పట్టీలు రెండూ పూర్తిగా వదులు చేసేశాడు. రెండు అరచేతులూ మాస్కుకి చెరో పక్కన వేసి, వాడిపోయిన ఆ బుగ్గల్ని మెల్లగా దగ్గరికి తెచ్చి ఆనించి పట్టుకున్నాడు. చూపుడు వేళ్లతో దవడని కాస్త ముందుకి లాగమని సాయిలక్ష్మి చెప్పింది. లాగాడు.

కారడం ఆగింది. ఒక ఊపిరి వెళ్లింది. ఇంకొకటి. ఆరో ఊపిరి దగ్గర ఆగింది. సోమలమ్మ తట్టబోయింది. అతను తల అడ్డంగా ఊపి, మాస్కు ఒక వెంట్రుకవాసి పైకి జరిపాడు. ఊపిరి అందుకుంది. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. తొంభై రెండు దగ్గర అంకె నిలబడింది.

కదిలితే గాలి కారుతుందని అతను కదల్లేదు. నడుము వంచి నిలబడ్డ మనిషి అలాగే ఉన్నాడు. మధ్యలో మన్మథరావు గారు ఆపరేషన్ ముగించుకుని వచ్చి నాడి చూసి, పొట్ట మీద చెయ్యి వేసి, "అలాగే పట్టుకోండి, బాగా పట్టుకున్నారు," అన్నారు. మోచేతులు తిమ్మిరెక్కాయి. సోమలమ్మ ఎక్కడినుంచో రెండు తలగడలు తెచ్చి అతని మోచేతుల కింద పెట్టింది.

ధర్మతేజ వచ్చేసరికి నాలుగు దాటింది. బూట్లు విప్పకుండానే లోపలికొచ్చి ఇంజెక్షన్ కొద్దికొద్దిగా ఎక్కించారు. మూడు నిమిషాల్లో ఎస్తర్ రాణి కళ్లు తెరిచింది. మొహం మీద మాస్కు, దాని మీద భర్త చేతులు చూసి, వదిలించుకోబోయింది. తర్వాత పొట్టలో నొప్పి తెలిసి గట్టిగా మూలిగింది. దయాకర్ బాబు చేతులు తీసి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

డాక్టరు ఆ సాయంత్రమంతా అక్కడే ఉన్నారు. మత్తు తక్కువున్న నొప్పి మందు రాశారు. రాత్రికి క్లిప్పు వేలికే ఉంచి, ఇద్దరు నర్సుల్ని వంతులవారీగా కూర్చోబెట్టారు. ఎస్తర్ రాణి మీద ఆయన కోప్పడలేదు. వెళ్లేముందు మాత్రం, "నేను అడిగినప్పుడు మీవారు కూడా ఉండాల్సిందమ్మా. ఆయన వచ్చేదాకా నేను ఆగాల్సింది," అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తలగడలకి ఆనుకుని కూర్చోగలిగింది. చర్చి నుంచి వచ్చినవాళ్లు ప్రార్థన చేసి వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. దయాకర్ బాబు బత్తాయి వలుస్తున్నాడు.

"డాక్టరు గారికి నేను కావాలని అబద్ధం సెప్పలేదండీ. నాకు నిజంగానే తగ్గిపోయిందనిపించింది," అంది.

"టవలు సూశాను."

ఆమె మొహం పాలిపోయింది. "తిట్టండి," అంది.

"తిడదామనే ఇంట్లోంచి బయల్దేరాను. దార్లో మర్సిపోనాను." తొన వలవడం ఆపి అన్నాడు, "నువ్వు కడుపు ఉబ్బిపోతందన్నావు. కళ్లు మండిపోతన్నాయన్నావు. నంబరు తగ్గించమన్నావు. నేను పట్టీ బిగించాను."

"మీ సెయ్యి తల వెనక్కి వస్తే నాకు భయమేసేది," అంది ఆమె. "మీరు ఎందుకు సేస్తన్నారో తెలుసు. అయినా భయమే."

ఆ మాట అతనికి ఎక్కడో లోపల తగిలింది. బత్తాయి పళ్లెం ఆమె ఒళ్లో పెట్టాడు.

"కుట్లు మానాక వైజాగ్ వెళ్దాం," అన్నాడు. "ఈసారి నేనే టిక్కెట్లు తీస్తాను."

జనవరిలో వెళ్లారు. మళ్లీ వైర్లు, మళ్లీ ఒక రాత్రి పరీక్ష. కొత్త డాక్టరు ఒక నడివయసు ఆవిడ. కాగితాలు చూసి, గంటకి యాభై నాలుగుసార్లు ఆగేది ఇప్పుడు పంతొమ్మిదిసార్లే ఆగుతోందని చెప్పారు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, పక్కకి తిరిగితే బాగా తక్కువ. జబ్బు తగ్గిన మాట నిజం, పోలేదన్న మాటా నిజం. దవడ చిన్నది, గొంతు పుట్టుకతోనే ఇరుకు. అది బరువుతో పోయేది కాదు.

"ఈ ఒంటికి పద్నాలుగు చాలా ఎక్కువ. ఏడు సరిపోతుంది. మాస్కు కూడా రెండు సైజులు చిన్నది కావాలి," అన్నారు. "పది కిలోలు తగ్గినప్పుడే రావలసింది. ఎందుకు రాలేదు?"

"నా తప్పేనండి," అన్నాడు దయాకర్ బాబు.

"ఇద్దరిదీ," అంది ఎస్తర్ రాణి. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "నంబరు ఎలా మారుస్తారో నాకు కూడా సెప్పండి మేడం. నేనుగా మార్చను. తెలుసుకుని ఉంటాను," అంది. ఆవిడ మెషిన్ దగ్గరికి లాక్కుని ఓపిగ్గా చూపించారు.

చిన్న మాస్కు కళ్లలోకి గాలి కొట్టలేదు. ఏడు నంబరు గాలి కడుపులోకి దిగలేదు. అలాగని ఆమెకది ఇష్టమైపోలేదు. పది వారాల పాటు మొహం ఖాళీగా పెట్టుకుని పడుకున్న మనిషికి మళ్లీ ఏదో అడ్డంగా ఉండటం చిరాకే. మొదటి రాత్రి రెండు గంటలు ఉంచుకుంది. మూడో రాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే మాస్కు చేతిలో ఉంది, ఎప్పుడు తీసిందో తెలియదు. పొద్దున్న కాఫీ ఇస్తూ తనే చెప్పింది.

"రాత్రి తీసేశానండీ. నిద్రలోనే తీసేసినట్టున్నాను."

దయాకర్ బాబు గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాటను కాఫీతో మింగాడు.

"ఎక్కడ ఇబ్బందైంది?" అని అడిగాడు.

"పై పెదవి దగ్గర. ఒరుసుకుంటోంది."

"డాక్టరమ్మ గారికి ఫోన్ సేసి సెప్దామా?"

"నేను సేస్తాను. ఆఫీసు నుంచి."

చేసింది. మాస్కు కొంచెం కిందకి పెట్టుకుని చూడమన్నారు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి తనే పెట్టుకుంది, తనే పట్టీ సర్దుకుంది. దయాకర్ బాబు అవతల గదిలో రేడియో వింటూ, ఆమె పిలిస్తే వెళ్దామని కూర్చున్నాడు. పిలవలేదు. లైటు ఆర్పిన చప్పుడు విని, వచ్చి తన పక్కన పడుకున్నాడు. అతనికి నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది. ఆమె అయిదు గంటలు నిద్రపోయింది.